రాజశేఖర చరిత్రమున ధనాశయు గౌరవాశయు

వీరేశలింగముగారు 1878లో వివేకవర్ధనిలోఁ బ్రకటింప మొదలిడి 1880లో గ్రంథముగాఁ దెచ్చిన రాజశేఖర చరిత్రమును బాఠశాలలఁ జెప్పునపుడు, రాజశేఖరుఁడు బైరాగిని నమ్మి చెడెనని బాలురందురు, మనమును సరియందుము. నాకది చాలదని తోఁచుచున్నది. స్వర్ణయోగమునకు మునుపే యాతని ధనము స్తుతిపాఠకుల పాలై కరఁగుచుండెను. ధవళేశ్వరమునఁ బెద్దమనిషి యనిపించుకొను నాసయే మొదటి రంధ్రము. బంగారముపై నాస దానిఁ బూడ్చుటకై పుట్టినది. దీనికి ఛాయయగు గోల్డ్‌స్మిత్తు 'వికర్ ఆఫ్ వేక్‌ఫీల్డు' (1766)లో ధనము పోవుటకుఁ గారణము వర్తకుఁడొకఁడు పలాయితుఁడగుట. యజమానుని దోషము స్వల్పము. ఇచటనో దోషము గృహస్థునిదే. ఈ మార్పు వీరేశలింగముగారి సొంత సొత్తు. బైరాగి రాకున్న రాజశేఖరుఁడు నిలిచెడివాఁడా యని నా తరగతిలో నడిగితిని. "మఱికొన్ని నెలలండీ" యని వెనుకబల్లవాఁ డొకఁ డనెను.