యానాం పింఛను

యానాం అనగానే మన క్యాంపుల్లో పెద్దవాళ్లు ముందుగా రెండు సంగతులు చెప్పేవాళ్లు. ఒకటి మంగళవారం సంత, రెండోది ఫ్రెంచి పింఛను. సంత గురించి ఎవరైనా రాస్తారు. పింఛను సంగతి మాత్రం ఇళ్లలో కథగా చెప్పుకోవడమే గానీ, ఆ డబ్బు ఏ కాగితం బలం మీద, ఎన్ని చేతులు మారి గోదావరి ఒడ్డుకు చేరేదో ఎవరూ వరసగా రాసిపెట్టలేదు. మా ఇంటికి అలాంటి పింఛను ఒకటి 50 ఏళ్లకు పైగా వచ్చింది. మొదట పెదతాతయ్యకి, ఆయన పోయాక అందులో సగం పెదమామ్మకి. ఆ పేరు మీద ఇప్పుడు ఎవరూ లేరు గనుక, తెలిసినంత మేరకు ఇక్కడ రాసిపెడుతున్నాం.

యానాం తెలియని పిల్లల కోసం నాలుగు మాటలు. గౌతమీ గోదావరి పక్కన, 30 చదరపు కిలోమీటర్లు నిండా లేని ఊరు. నాలుగు వైపులా ఆంధ్రప్రదేశే. పాలన మాత్రం 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరిది. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి వాళ్లు బట్టల వ్యాపారం కోసం దిగారు. మధ్యలో ఇంగ్లీషు వాళ్లు చాలాసార్లు లాక్కున్నారు, మళ్లీ ఇచ్చారు. చివరికి 1954 దాకా ఫ్రెంచి జెండా కిందే ఉంది. ఇంగ్లీషు ఇండియాలో 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చి బాల్య వివాహాలు నేరమైతే, చుట్టుపక్కల వాళ్లు పిల్లల్ని బళ్లలో ఎక్కించుకుని యానాం వచ్చి పెళ్లి చేసుకుని పోయేవాళ్లు. కల్యాణపురం అనే పేరు అలా వచ్చిందే. మంచి పేరే గానీ వెనక ఉన్న సంగతి అంత మంచిది కాదు.

ఇక డబ్బు. ఫ్రాన్స్, ఇంగ్లండు కొట్టుకుంటున్న రోజుల్లో కూడా ఒకరి ఖజానా నుంచి ఇంకొకరి ఖజానాకి ఇక్కడ డబ్బు నడిచింది. 1814 పారిస్ సంధితో యానాం, పుదుచ్చేరి, కారైకాల్ లాంటి ఊళ్లు ఫ్రాన్స్‌కి తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. ఈస్టిండియా కంపెనీకి ఒక భయం పట్టుకుంది: ఫ్రెంచి ఊళ్లలో ఉప్పు చవగ్గా పండి గట్టు దాటితే తమ ఉప్పు గుత్తాధికారం గతేమిటి? అందుకని 1815 మార్చి 7న ఒక ఒప్పందం రాసుకున్నారు. ఫ్రెంచి ఊళ్లలో పండే ఉప్పు కొనే హక్కు కంపెనీకి. దానికి బదులుగా ఏడాదికి 4 లక్షల సిక్కా రూపాయలు ఫ్రాన్స్‌కి, కలకత్తాలో గానీ మద్రాసులో గానీ, మూడు నెలలకో వాయిదా చొప్పున. ఆ రోజుల లెక్కలో సుమారు 10 లక్షల ఫ్రాంకులు. ఫ్రెంచి బడ్జెట్ కాగితాల్లో దీన్ని ‘ఇండియా రాబడి’ అని రాసుకునేవాళ్లు. యూరప్‌లో రెండు రాజ్యాల మధ్య పద్దు, చెల్లింపు మాత్రం ఇండియాలో! ఉప్పు పండించిన రైతుకి ఇందులో ఏం దక్కిందో ఊహించుకోవచ్చు.

డబ్బు వెనకే మనుషులు కూడా పోయారు. 1828లో యానాం నుంచి 15 మంది తెలుగు కూలీలు ‘లా తుర్కువాజ్’ అనే ఓడలో బూర్బన్ దీవికి వెళ్లారు. ఇప్పుడు ఆ దీవి పేరు రెయూనియన్. ఫ్రెంచి కాగితాల్లో వీళ్లని ‘తెలింగా’లు అన్నారు. అప్పటికి అక్కడ బానిసత్వం ఇంకా రద్దు కాలేదు, అది 1848లో. అంటే చెరకు తోటల్లో బానిసల పక్కన, ఒప్పందం మీద సంతకమో వేలిముద్రో వేసిన మనవాళ్లు. తర్వాత రెండు మూడేళ్లలో ఆ లెక్క వేలల్లోకి పోయింది. ఈ దీవి సంగతి గుర్తుంచుకోండి, కింద మళ్లీ పనిబడుతుంది.

యానాంలో ఏ డబ్బు నడిచేది అని చాలామంది అడుగుతారు. ఫ్రాంకు అనుకుంటారు, కాదు. రూపాయే. 1875లో పెట్టిన బాంక్ ద లాందోషీన్ అనే బ్యాంకుకి ఫ్రెంచి ఇండియాలో నోట్లు వేసే హక్కు ఉండేది. ఆ నోట్ల మీద ‘రూపీ’ అని ఫ్రెంచి అక్షరాల్లో ఉండేది. ఒక రూపాయి నోటు మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చింది, ఐదు రూపాయలది 1937 తర్వాత. పేరు ఒకటే, నోటు వేరు.

1941లో రెండు ప్రభుత్వాలూ సుంకాల విషయంలో ఒక ఒప్పందానికి వచ్చాయి. స్వతంత్రం వచ్చాక 1949లో అది ముగిసింది. అప్పటి నుంచి ఫ్రెంచి ఊళ్ల చుట్టూ కస్టమ్స్ కాపలా. మామ్మ చెప్పేది: పుట్టింటి నుంచి అత్తారింటికి చీర తెచ్చుకున్నా మూట విప్పి చూపించాల్సి వచ్చేదిట. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో యానాంలో ఫ్రెంచి పాలన అంతమైంది. అదే ఏడాది నవంబర్ 1న మిగతా ఊళ్లతో కలిపి పాలన భారత్ చేతికి వచ్చింది. పాత నోట్లు వెనక్కి తీసుకున్నారు. ఇది చాలామందికి తెలియదు: అలా వెనక్కి తీసుకున్న నోట్లకి సరిపడా విలువను భారత ప్రభుత్వం ఫ్రాన్స్‌కి పౌండ్లలోనో ఫ్రాంకుల్లోనో తిరిగి కట్టాలని ఒప్పందంలోనే రాసుకున్నారు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కరెంటు మీటరు రీడింగు చూసుకున్నట్టు.

అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది. పాలన 1954లో మారింది గానీ, చట్టం ప్రకారం అప్పగింత 1956 మే 28న సంతకమైన ఒప్పందంతో. అది అమల్లోకి వచ్చింది 1962 ఆగస్టు 16న. ఆ తేదీన ఎవరు ఎక్కడ కాపురం ఉన్నారు అన్నదాన్ని బట్టి జాతీయత తేల్చారు. యానాంలోనే ఉన్నవాడు భారతీయుడైపోతాడు. ఫ్రెంచివాడిగా ఉండాలనుకుంటే ఆరు నెలల్లోపు రాసివ్వాలి. యానాంలో పుట్టి భారతదేశంలో మరోచోట స్థిరపడినవాడికీ దాదాపు ఇదే. కానీ అక్కడ పుట్టి, ఆ రోజున ఈ రెండింటికీ బయట, వేరే దేశంలో ఉన్నవాడు ఏమీ రాయకపోయినా ఫ్రెంచివాడే! అతను భారతీయుడు కావాలంటేనే రాసివ్వాలి.

మా ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు. పెద్దాయన ఫ్రెంచి సైన్యంలో చేరి ఇండోచైనా వెళ్లి, 1962 నాటికి ఇంకా నౌకరీలోనే, దేశం బయట ఉన్నాడు. నడిపి ఆయన యానాంలో కొబ్బరి తోట చూసుకుంటున్నాడు. చిన్నాయన, అంటే మా తాతయ్య, తుంగభద్ర కాలవ కింద నల్లరేగడి చవగ్గా దొరుకుతోందని తెలిసి అప్పటికే సింధనూరు పక్కన క్యాంపులో గుడిసె వేసుకున్నాడు. ఒకే తల్లి బిడ్డలు. ఆగస్టు 16 తెల్లారేసరికి పెద్దాయన ఫ్రెంచివాడు, ఇద్దరు తమ్ముళ్లు భారతీయులు. ఆ ఇద్దరూ ఏ కాగితమూ రాయలేదు. రాయాలని ఎవరూ చెప్పలేదు, చెప్పినా రాసేవాళ్లు కాదనే మా అభిప్రాయం. మొత్తం ఫ్రెంచి ఊళ్లన్నిటిలో కలిపి రాసిచ్చిన వాళ్లు సుమారు 5 వేల మంది.

కన్నడ మీడియంలో చదివిన మాకు ఇక్కడో మాట తడుతుంది. కన్నడంలో ‘గడి’ అంటే సరిహద్దు. తెలుగులో గడి అంటే ఫారం మీద గీసిన చదరం. పెదతాతయ్య విషయంలో రెండూ ఒకటే అయ్యాయి.

ఆ గడి విలువ ఎంతో తర్వాత తెలిసింది. 1959 డిసెంబర్ 26న ఫ్రాన్స్ ఆర్థిక చట్టంలో 71వ అధికరణం పెట్టింది. ఒకప్పుడు ఫ్రెంచి యూనియన్‌లో ఉండి విడిపోయిన దేశాల పౌరులకు పింఛన్లు ఉన్నచోటే ఆగిపోతాయి, ధరలు పెరిగినా పెరగవు. ఫ్రెంచి వాళ్లు దీన్ని ‘స్ఫటికీకరణ’ అన్నారు, పటిక బెల్లంలా గడ్డకట్టించడం. ఒకే కందకంలో పక్కపక్కన నిలబడిన ఇద్దరు సిపాయిల్లో ఒకడి పింఛను ఏటా పెరిగింది, ఇంకొకడిది అక్కడే నిలిచిపోయింది. ఆఫ్రికా సిపాయిలు దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిరిగారు. 2010 మే 28న ఫ్రాన్స్ రాజ్యాంగ మండలి ఈ తేడా చెల్లదని తేల్చింది. అప్పటికి ఆ సిపాయిల్లో ఎంతమంది బతికి ఉంటారు? మా పెదతాతయ్య ఫ్రెంచి జాతీయుడు కావడంతో ఆయనకి ఈ దెబ్బ తగల్లేదు. తగలనందుకు ఇంట్లో అందరం సంతోషించిన మాట నిజం. ఆ సంతోషం ఒక తేదీ దయ అన్నదీ నిజం.

ఆ డబ్బే మా క్యాంపు పొలానికి మొదటి రెండు బోర్లు వేయించింది. యానాం నుంచి మనియార్డర్ వచ్చేది, సింధనూరు పోస్టాఫీసుకి తాతయ్య సైకిలు మీద పోయేవాడు. పెదతాతయ్యకి లెక్కలంటే భలే ఇష్టం. 1960 జనవరిలో ఫ్రాన్స్ 100 పాత ఫ్రాంకుల్ని ఒక కొత్త ఫ్రాంకు చేసింది. ఆయన మాత్రం బతికినన్నాళ్లూ పాత ఫ్రాంకుల్లోనే చెప్పేవాడు, వినేవాళ్లు నోరెళ్లబెట్టేవాళ్లు. పెదమామ్మ కాలానికి యూరో వచ్చింది. ఒక యూరోకి 6.55957 ఫ్రాంకులు. దశాంశం తర్వాత ఐదు స్థానాలు! మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కాబట్టి ఇలాంటి అంకె కనిపిస్తే చెయ్యి ఊరుకోదు, ఆమె పాత చీటీలన్నీ తీసి గుణించి చూశాం. పైసా తేడా లేదు.

ఆ యూరో నోట్లు 2002 జనవరి 1న వచ్చినప్పుడు లోకంలో అందరికన్నా ముందు వాటితో సరుకు కొన్నది పారిస్‌లో కాదు. రెయూనియన్‌లో. గడియారం అక్కడ ముందు నడుస్తుంది కదా. అర్ధరాత్రి సాన్ దనీ బజారులో ఆ ఊరి మేయరు ఒక కిలో లిచీ పళ్లు కొన్నాడు. 174 ఏళ్ల ముందు యానాం కూలీలు దిగిన దీవి అది. 1946లో ఆ దీవిని ఫ్రాన్స్ తన జిల్లాల్లో కలుపుకుంది. అందువల్ల ఇవాళ పారిస్ నుంచి 9 వేల కిలోమీటర్లు దాటి సాన్ దనీకి డబ్బు పంపితే అది ఊళ్లో పక్క వీధికి పంపినట్టే లెక్క. యానాంకి పంపితే పరదేశం.

యూరప్‌లో కూడా ఈ సుఖం ఈమధ్య వచ్చిందే. జర్మనీ నుంచి ఫ్రాన్స్‌కి పంపినా ఒకప్పుడు రోజులు పట్టేది, బ్యాంకు గట్టిగానే కోసుకునేది. యూరోల్లో సరిహద్దు దాటే బదిలీకి దేశం లోపలి బదిలీ కన్నా ఎక్కువ వసూలు చెయ్యకూడదని 2001లో నియమం పెట్టారు. బదిలీలకి అది 2003 జులై నుంచి అమలైంది. 2008 జనవరి 28న ‘సెపా’ అనే ఉమ్మడి ఏర్పాటు మొదలైంది, ఇప్పుడు 40కి పైగా దేశాలు అందులో ఉన్నాయి. అక్కడ ఖాతాకి ఐబాన్ అని పొడుగాటి నంబరు ఉంటుంది. జర్మనీది 22 అక్షరాలు, ఫ్రాన్స్‌ది 27. మొదటి నాలుగు అక్షరాలు చివరికి జరిపి, అక్షరాల్ని అంకెలు చేసి, 97తో భాగిస్తే శేషం 1 రావాలి. రాకపోతే ఎక్కడో తప్పు పడ్డట్టు. ఇంత పకడ్బందీగా ఉన్నా, డబ్బు తీసుకునేవాడి పేరు సరిపోయిందో లేదో పంపే ముందే చూసి చెప్పాలనే నియమం యూరో దేశాల్లో 2025 అక్టోబర్‌లో గానీ రాలేదు. మన యూపీఐలో కూరగాయల బండివాడి పేరు కూడా ముందే కనిపిస్తుంది.

చదువుకి జర్మనీ వెళ్లిన మా పిన్ని కొడుకు తర్వాత ఫ్రాన్స్‌లో ఉద్యోగానికి మారాడు. అక్కడ ఒక ఫోన్ కంపెనీ ‘జర్మనీ ఖాతా మాకొద్దు, ఇక్కడిది తీసుకురా’ అంది. యూరప్ చట్టం ప్రకారం అలా అనకూడదు, ఏ దేశపు ఐబాన్ అయినా తీసుకోవాల్సిందే. ఆ నియమం నంబరుతో సహా వాడు ఉత్తరం రాస్తే పదిరోజులకి ఒప్పుకున్నారు. పెదతాతయ్య ఉండి ఉంటే ఆ ఉత్తరం దిద్ది పెట్టేవాడు.

మన దగ్గర ఐబాన్ లేదు. ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ, పరదేశం డబ్బుకి స్విఫ్ట్ కోడ్. పెదమామ్మ పింఛను పారిస్ నుంచి బయలుదేరి మధ్యలో ఇంకో బ్యాంకు గుమ్మం తొక్కి యానాం చేరేది. మధ్యవాడి కోత ఒక నెల ఉండేది, ఒక నెల ఉండేది కాదు. దానికన్నా ఆమెకి చిరాకు ఏటా పంపాల్సిన ‘బతికే ఉన్నాను’ అనే సర్టిఫికెట్. మన ప్రభుత్వ పింఛనుదారులకీ నవంబర్‌లో ఇదే తంతు. ‘నేను బతికున్నానని వాళ్లకి నేనే చెప్పాలిట, మళ్లీ పక్కన ఒక ఆఫీసరు అవునని చెప్పాలిట’ అని నవ్వేది. ఆ నవ్వులో కోపం కూడా ఉండేది.

ఆమె 2017లో పోయారు. కబురు ఫ్రాన్స్ చేరేలోపు ఇంకో నెల పింఛను ఖాతాలో పడింది. కొన్నాళ్లకి అది తిరిగి పంపమని ఉత్తరం వచ్చింది. న్యాయమే. బాబాయి బ్యాంకుకి వెళ్తే, అక్కడి గుమాస్తా ఫ్రాన్స్ నుంచి వచ్చే డబ్బు చాలా చూశాడు గానీ ఇక్కడి నుంచి ఫ్రాన్స్‌కి పోయే డబ్బు చూడలేదు. విదేశానికి పంపాలంటే ఏ2 ఫారం నింపాలి, అందులో ఎందుకు పంపుతున్నారో ఒక కోడ్ రాయాలి. చదువుకి ఉంది, వైద్యానికి ఉంది, బంధువులకి పోషణకి ఉంది. చనిపోయిన మనిషి పింఛను వెనక్కి ఇవ్వడానికి ఏది రాయాలో తేలక రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి ఏదో ఒక గడిలో పెట్టి పంపారు. దారిలో మధ్య బ్యాంకు తన కోత తను తీసుకుంది. నెల తర్వాత ఫ్రాన్స్ నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది: 14 యూరోలు తక్కువ వచ్చాయి, దయచేసి పంపగలరు. బాబాయి మళ్లీ ఏ2 ఫారం తెచ్చుకున్నాడు. 14 యూరోలు పంపడానికి అయిన ఖర్చు అంతకన్నా ఎక్కువ. 50 ఏళ్లలో మా ఇంటి నుంచి ఫ్రాన్స్‌కి పోయిన డబ్బు ఆ రెండు విడతలే.