తాటికొండ వారి టేకు పని

చెన్నపట్నం ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియానికి 2026తో 175 ఏళ్లు నిండుతాయి. ఇలాంటి సందర్భాల్లో సంస్థ చరిత్ర రాయమంటే సూపరింటెండెంట్ల వరుస చెప్పడం మామూలు. మొదట ఎడ్వర్డ్ బాల్ఫర్, ఆ తర్వాత జెస్సీ మిచెల్, జార్జ్ బిడీ, ఎడ్గార్ థర్‌స్టన్, గ్రేవ్లీ... న్యాయమైన వరుసే. కాకపోతే ఆ పెద్దలు పోగుచేసినవన్నీ ఒక కప్పు కింద ఉండాలి గదా! ఆ కప్పు వేసినవాడి సంగతి ఎప్పుడూ చివరి పేరాలో ఒక ముక్కలో తేలిపోతుంది. ఈసారి ఆ ముక్క పట్టుకునే కథ చెబుతాను. ఆయన తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. 1856లో పుట్టి 1925లో పోయిన ఈ కోమటి కాంట్రాక్టరు కట్టిన భవనాలు తీసేస్తే ఆనాటి మద్రాసులో చూపించుకోవడానికి మిగిలేది తక్కువే.

ఎగ్మూరు నేలకు కాంట్రాక్టర్లతో చుట్టరికం అంతకు ముందునుంచే ఉంది. 1778లో కంపెనీ ప్రభుత్వం ఇక్కడ 43 ఎకరాలు హాల్ ప్లమర్ అనే ఉద్యోగికి ఇచ్చింది. ఆయన అటు కొలువు చేస్తూనే ఇటు సర్కారు కట్టుబడి పనులు గుత్తకు పట్టేవాడు. ఈ రోజైతే విచారణ సంఘం వేస్తారు. ఆ స్థలంలోనే పాంథియన్ వెలిసింది. దొరల విందులూ నాటకాలూ నాట్యాలూ అన్నీ అక్కడే. తర్వాత చేతులు మారి, 1830లో మళ్లీ ప్రభుత్వం చేతికి వచ్చింది. మ్యూజియం పుట్టింది మాత్రం అక్కడ కాదు. 1851లో కాలేజీ రోడ్డులోని ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ మేడ మీద, రాళ్లూ ఖనిజాల నమూనాలతో మొదలైంది. 1854లో పాంథియన్‌కు మారింది. జనాన్ని రప్పించడానికి బాల్ఫర్ పులిపిల్లనూ చిరుతనూ తెచ్చి కట్టేశాడు. జనం వచ్చారు కూడా.

1860 ప్రాంతంలో మిచెల్ మ్యూజియం పక్కనే చిన్న గ్రంథాలయం తెరిచాడు. ఇంగ్లండులో కంపెనీ ఉద్యోగులకు చదువు చెప్పిన హేలీబరీ కాలేజీలో మిగిలిపోయిన పుస్తకాలు దానికి మూలధనం. ముప్పై ఏళ్లకు అది ఇరుకైపోయింది. 1890 మార్చి 22న గవర్నరు కానెమరా ప్రభువు కొత్త గ్రంథాలయానికి శంకుస్థాపన చేశాడు. 1896 డిసెంబరు 5న తలుపులు తెరిచేనాటికి ఆయన దేశం విడిచి వెళ్లిపోయాడు గానీ పేరు మాత్రం నిలిచింది. గ్రంథాలయానికి తోడుగా మ్యూజియం థియేటరూ లేచింది. నక్షా హెన్రీ ఇర్విన్‌ది, కట్టుబడి నంబెరుమాళ్ చెట్టిది. అప్పటికే చెట్టిగారు విక్టోరియా పబ్లిక్ హాలు కట్టారు. 1892లో ప్రారంభమైన హైకోర్టు భవనం కూడా ఇర్విన్‌తో కలిసి పూర్తిచేసిందే. ఇద్దరికీ ఒకరి పని ఒకరికి తెలుసు. అందుకే కాబోలు కానెమరా హాల్లో గీసినవాడికీ కట్టినవాడికీ మధ్య అతుకు కనిపించదు.

ఆ హాల్లోకి అడుగుపెట్టినవాళ్లు ముందు తలెత్తి చూస్తారు. వంపు తిరిగిన కప్పు, దాని మధ్యన వరసగా రంగుటద్దాలు, స్తంభాల మీదా గోడల మీదా ఆకులూ పువ్వులూ చెక్కడాలు. ఆ కప్పును మెచ్చుకుంటూ రాసిన వ్యాసాలు చాలా ఉన్నాయి. నేను మాత్రం కింద ఉన్న టేకును చూడమంటాను. అలమరలు, బల్లలు, కుర్చీలు అన్నీ టేకే. అలమరలు బజారులో కొనితెచ్చి గోడకు ఆనించినవి కావు. తోరణానికీ తోరణానికీ మధ్య ఎంత చోటుందో అంతకే కొలిచి కోసినవి. ఇలాంటి పనిలో గోడ అరంగుళం పక్కకు పోతే కొయ్య అరంగుళం ఖాళీ చూపిస్తుంది. తాపీ మేస్త్రీ చేసిన తప్పు వడ్రంగి మెడకు చుట్టుకుంటుంది. ఇద్దరూ ఒకే కాంట్రాక్టరు దగ్గర కూలి తీసుకుంటున్నప్పుడు ఆ తగువు సాయంత్రానికి తెగిపోతుంది. వేరువేరు సంస్థల మనుషులైతే ఏడాదంతా ఉత్తరాలు నడుస్తాయి. కట్టుబడి, కొయ్యపని ఒకే గొడుగు కింద ఉండటంలో ఉన్న లాభం ఇదే.

ఇక టేకు. మద్రాసు గాలిలో ఉప్పూ తేమా ఏడాది పొడుగునా ఉంటాయి. నేలలో చెదలకు కొదవ లేదు. పుస్తకాలంటే చెదకు విందుభోజనం. టేకు చేవలో సహజంగా ఉండే నూనె చెదను దగ్గరికి రానివ్వదు. పైగా వానాకాలంలో ఉబ్బి ఎండాకాలంలో ముడుచుకునే గుణం దీనికి తక్కువ. పుస్తకాల బరువుకు అలమర పలక నడుం వంచకూడదంటే చేవ ఉన్న కొయ్యే కావాలి. అంచున తెల్లగా ఉండే పొర పనికిరాదు, పురుగు ముందు తినేది దాన్నే. కుసి కోసి బెజ్జంలో దిగ్గొట్టి బిగించిన అతుకు, మేకులు కొట్టిన అతుకు కంటే ఎందుకు మేలో వడ్రంగులకు చెప్పనక్కర్లేదు. మేకు తుప్పుపట్టి చుట్టూ కొయ్యను నల్లబరుస్తుంది. కుసి మాత్రం కొయ్యతోపాటు ఊపిరి తీసుకుంటుంది.

ఆ రోజుల్లో దేశంలో మేలైన టేకు అంటే బర్మా టేకే. 1885లో ఆంగ్లేయులు మాండలే మీదికి దండెత్తడానికి చూపిన సాకుల్లో బాంబే బర్మా కంపెనీ టేకు తగాదా ఒకటి. రాజ్యం పోయింది, అడవులు తెరుచుకున్నాయి. అక్కడ చెట్టును వెంటనే నరికేవాళ్లు కారు. మొదట చుట్టూ బెరడు గంటుపెట్టి, నిలబడినచోటే రెండు మూడేళ్లు ఎండనిచ్చేవాళ్లు. పచ్చి టేకు నీళ్లలో మునుగుతుంది, ఎండిన టేకు తేలుతుంది. తేలితేనే కదా ఇరావతి మీదుగా రంగూనుకు చేరేది! ఆ రంగూనునే మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల జనం రంగం అన్నారు. కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి వేలమంది తెలుగు కూలీలు రంగం వెళ్లి అక్కడి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో, కోతమిల్లుల్లో పనిచేశారు. బంగాళాఖాతం ఇటు ఒడ్డున టేకుతో మేడలు లేస్తుంటే, అటు ఒడ్డున ఆ దుంగలు మోసినవాళ్లలో మనవాళ్లున్నారు. మ్యూజియంలో తెలుగువాళ్ల వాటా అనగానే అందరూ అమరావతి శిల్పాలే చెబుతారు. ఇది కూడా ఆ లెక్కలో వేసుకోవచ్చు.

ఇర్విన్‌కు కొయ్య కొత్తేమీ కాదు. మద్రాసు రాకముందు సిమ్లాలో 1888లో పూర్తయిన వైస్రాయి భవనం ఆయనదే. అందులోపల గోడలకు తొడిగిన చెక్కపని బర్మా టేకు, దేవదారు, వాల్‌నట్. తర్వాతి కాలంలో మైసూరు వెళ్లాడు. అక్కడి పాత రాజభవనం కొయ్యది. 1897లో అగ్నికి ఆహుతైంది. కొత్త భవనంలో కళ్యాణమంటపానికి ఇర్విన్ పోత ఇనుప స్తంభాలు పెట్టాడు. కప్పుకు రంగుటద్దాలు మాత్రం ఎగ్మూరులోలాగే వాడాడు. మంట కొయ్యకు శత్రువని మైసూరు నేర్పింది. కానెమరా హాలు ఇన్నేళ్లుగా ఆ గండం తప్పించుకుని నిలబడటం మన అదృష్టం.

అమరావతి మాట వచ్చింది కాబట్టి ఒక పోలిక చెప్పక తప్పదు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చిన శిలాఫలకాల్లో ఎక్కువభాగం 1859లో లండను వెళ్లిపోయాయి. తర్వాతి తవ్వకాల్లో దొరికినవి ఎగ్మూరుకు వచ్చాయి. వాటిని ఆనాటి పద్ధతి ప్రకారం గోడల్లో పొదిగి సిమెంటు పట్టించారు. కదలవు, దొంగలు ఎత్తుకుపోలేరు అని సంతోషించారు. సిమెంటులోని లవణాలు తేమతో కలిసి సున్నపురాయిలోకి పాకి పొరలు పొరలుగా రాల్చేస్తాయని అప్పుడు ఎవరూ అనుకోలేదు. ఇప్పుడు వాటిని గోడలోంచి విడదీయడమే పెద్ద శస్త్రచికిత్స. వడ్రంగి బిగించిన కుసి ఎంత గట్టిగా ఉన్నా మళ్లీ ఊడదీయొచ్చు, పలక మార్చొచ్చు, తిరిగి బిగించొచ్చు. మ్యూజియంలో ఏ పనైనా అవసరమైతే వెనక్కి తీసుకోగలిగేలా ఉండాలని ఈనాటి సంరక్షణ శాస్త్రం పట్టుబట్టి చెబుతుంది. చదువుకున్నవాళ్లు సిమెంటు కలుపుతున్న రోజుల్లోనే పక్క భవనంలో వడ్రంగులు ఆ సూత్రం పాటిస్తూ పనిచేశారు.

చెట్టిగారు ఈ ఆవరణలో కట్టిన మరో భవనం విక్టోరియా మెమోరియల్ హాలు. 1906 జనవరి 26న శంకుస్థాపన, 1909లో ప్రారంభం. ఇదీ ఇర్విన్ నక్షాయే, ఫతేపూర్ సిక్రీ బులంద్ దర్వాజా నీడలో గీసింది. ఎర్రని ఇసుకరాయి మన సత్యవేడు కొండలది. హస్తకళల ప్రదర్శనకోసం కట్టిన ఆ హాలు 1951లో, మ్యూజియం శతజయంతి ఏట, నేషనల్ ఆర్ట్ గ్యాలరీగా మారింది. నెహ్రూ వచ్చి తెరిచారు. రాయి అంత ఆడంబరంగా ఉంటుంది కాబట్టి ఫొటోలన్నీ దానివే. నాకైతే గ్రంథాలయం ముందు అది కాస్త గట్టిగా మాట్లాడే మనిషిలా అనిపిస్తుంది.

గుత్తపనుల్లో చెట్టిగారు బాగా గడించారు. చేట్‌పట్‌లో ఎన్నో బంగళాలు ఆయనవే. వాటిలో గొమెట్ర అనే ఇంట్లోనే 1920 ఏప్రిల్ 26న శ్రీనివాస రామానుజన్ కన్నుమూశాడు. మద్రాసులో మోటారు కారు కొన్న తొలి భారతీయుడిగా కూడా చెట్టిగారినే చెప్పుకుంటారు. బిరుదులూ వచ్చాయి. రంపం పట్టినవాళ్ల పేర్లు శిలాఫలకాల మీద చెక్కే ఆచారం మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

1950లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైంది కానెమరా. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకానిదీ ఒక ప్రతి చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి కాబట్టి పుస్తకాలు ఉప్పెనలా వచ్చిపడ్డాయి. 1970లలో పక్కన కొత్త భవనం కట్టారు. పాత హాలు పాత పుస్తకాల భాండారంగా మిగిలింది. మామూలు రోజుల్లో లోపలికి రానివ్వరు. పుస్తక దినోత్సవంలాంటి సందర్భాల్లో తెరుస్తారు. ఆ కట్టడి సబబే.

నన్ను ఆలోచనలో పడేసేది మరమ్మతు. ఎప్పుడో ఒక పలక మార్చాల్సి వస్తుంది. అప్పుడు టెండరు పిలుస్తారు. ప్రభుత్వ రేట్ల పట్టికలో కొయ్యపనికి ఘనమీటరుకు ఇంత, తలుపు రెక్కకు చదరపు మీటరుకు ఇంత అని ఉంటుంది. కొయ్య నార ఏ దిక్కున నడుస్తోందో చూసి పలక ఎంచడానికి, పాత కుసిని చెడకుండా ఊడదీయడానికి ఆ పట్టికలో గడి లేదు. తక్కువకు పాడినవాడికే పని. పాత టేకు కావాలంటే చెట్టినాడు మేడలు కూల్చినచోట దొరుకుతుంది, కారైకుడి బజారులో దుంగలుగా, ద్వారబంధాలుగా అమ్ముతారు. అది కొనే వీలు కాంట్రాక్టరుకు ఇవ్వాలి, వడ్రంగిని ఎంచుకునే అధికారం సంరక్షణ శాఖకు ఇవ్వాలి. టెండరు పత్రంలో ఈ రెండు షరతులు చేర్చడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ఒక ఇంజనీరు సంతకం చాలు.