చెకుముకి కథ – నివేదికలో రాయని మాట

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఏదైనా రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు నాకు నవ్వొచ్చింది. ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగిరీ చేసినవాడికి తెలిసిన చరిత్రంతా ఫైళ్లలోదే. అయితే మొన్న వేసవి సెలవుల్లో మా మనవడు తెచ్చిన ఒక వస్తువు ఈ నాలుగు ముక్కలూ రాయించింది.

అది చూపుడువేలంత నల్లటి కడ్డీ. కొండలెక్కే కుర్రాళ్లు వెంట తీసుకెళతారట. "చెకుముకి రాయి తాతయ్యా" అన్నాడు. పెరట్లో కూర్చుని అరగంటసేపు గీశాడు. రవ్వలు మతాబులా రాలాయి గాని కాగితం అంటుకోలేదు. రవ్వ ఒక్కటీ ఉంటే చాలదురా, దాన్ని పట్టి నిలిపేది కావాలి అని చెప్పి, నా పాత నూలు పంచె చింపి, మూతకు మేకుతో చిన్న కన్నం పెట్టిన కాఫీపొడి డబ్బాలో ఆ ముక్కలు వేసి కుంపటి మీద పెట్టాను. కన్నంలోంచి పొగ ఆగాక దించాలి. పూర్తిగా చల్లారేదాకా మూత తీయకూడదు. తీస్తే గాలి తగిలి గుడ్డంతా బూడిదవుతుంది. అలా నల్లగా మాడిన గుడ్డ మీద ఒక్క రవ్వ పడింది, ఎర్రగా పాకింది. కొబ్బరి పీచులో పొదిగి ఊదితే మంట లేచింది. మా ఆవిడ మాత్రం ఆ పంచె ఏమైందని ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

నిజానికి ఆ కడ్డీ చెకుముకి కాదు. మన పాత చెకుముకిలో రాయి మండదు. రాతి అంచు ఉక్కు ముక్కను చెక్కుతుంది. లేచిన సన్నటి ఉక్కు రజను రాపిడి వేడికి గాలిలో మండి రవ్వవుతుంది. ఈ కడ్డీలో వ్యవహారం తలకిందులు. ఇక్కడ చెక్కేది ఇనుము, మండేది కడ్డీ.

దీన్ని కనిపెట్టినవాడు ఆస్ట్రియా దేశపు కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్, 1903లో. మన పెళ్లిళ్లలో వెలిగిన పెట్రోమాక్స్ దీపాల మాంటిల్‌కు మూలపురుషుడూ ఆయనే. మాంటిల్‌కు థోరియం కావాలి. అది మోనజైట్ ఇసుకలో దొరుకుతుంది. థోరియం తీసుకున్నాక మిగిలే సీరియం వంటి లోహాలు అప్పట్లో చెత్త కింద లెక్క. ఆ చెత్తకు ఇనుము కలిపి గీస్తే రవ్వలు రాలాయి. సిగరెట్ లైటరు రాయి కూడా ఇదే. 1909లో తిరువాన్కూరు కొబ్బరి పీచుకు అంటుకొచ్చిన ఇసుకలో ఒక జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు మోనజైట్‌ను గుర్తించాడు. మన భీమునిపట్నం తీరపు ఇసుకలోనూ అది ఉంది.

ఇక అగ్గిపెట్టె. గీసి వెలిగించే పుల్లలను ఇంగ్లండులో జాన్ వాకర్ 1827లో అమ్మడం మొదలుపెట్టాడు. శివకాశిలో ఆ పరిశ్రమ 1923లో వచ్చింది. 1934లో అగ్గిపెట్టెకూ ఎక్సైజు సుంకం పడింది. 2021 డిసెంబరులో పెట్టె ధర రూపాయి నుంచి రెండు రూపాయలైంది. చెకుముకి మూలపడింది ఈ అగ్గిపెట్టె వల్లే. అయితే తడిస్తే అగ్గిపెట్టె ఎందుకూ కొరగాదని నాకు అనుభవం మీద తెలిసింది.

1986 ఆగస్టు. గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు లేచిన ఏడాది. దేవీపట్నానికి ఎగువన, కొండవాలులో ఒక బడి వసారాలో మా సహాయ శిబిరం. బియ్యం ఉన్నాయి, గిన్నెలున్నాయి, నిప్పు లేదు. స్టోరు నుంచి తెచ్చిన అగ్గిపెట్టెల కట్ట పడవలోనే నానిపోయింది. పురిటి బిడ్డతో ఒక తల్లి, వణుకుతున్న ముసలివాళ్లు, ఎడతెగని వాన. మా అధికారి గారు అగ్గిపెట్టెల కోసం మళ్లీ ఇండెంటు రాయమన్నారు. నేను రాయడం మొదలుపెట్టాను కూడా.

ఒక వృద్ధుడు, కొండరెడ్డి, మొలలోంచి మూత ఉన్న వెదురు గొట్టం తీశాడు. అందులో జీలుగు మట్టల మొదట్లో దొరికే గోధుమరంగు దూది. రాయి అంచున ఆ దూది నొక్కిపెట్టి ఉక్కుతో నాలుగు దెబ్బలు కొట్టాడు. దూది పొగలేచింది. బడి చూరు లోపలి పొడి గడ్డి లాగి అందులో పెట్టి ఊదాడు. తడి మొద్దును చీల్చి లోపలి పొడి చేవను పేళ్లు తీసి పెట్టాడు. అరగంటలో ఎసరు మరిగింది. మొదటి వేడినీళ్లు ఆ బాలింతకిచ్చారు.

తరువాత పై అధికారులకు వెళ్లిన నివేదిక చిత్తు ప్రతి నేనే తయారుచేశాను. "సిబ్బందిచే వంట ఏర్పాట్లు గావించబడినవి" అని రాశాను. ఆ వాక్యానికి ఎవరూ ఆక్షేపణ తెలపలేదు. నా టి.ఎ. బిల్లుకు మాత్రం రెండు ఆక్షేపణలు వచ్చాయి.

ఆ పెద్దాయన పేరు నేను అడగలేదు. బియ్యం పంపిణీ జాబితాలో ఆ గూడెం వాళ్ల పేర్లన్నీ నా చేతిరాతే. ఎదురుగా వేలిముద్రలు వేయించిందీ నేనే. అందులో ఆయనది ఏదో నాకు తెలియదు.