మొద్దుబారిన చర్మానికొక కొలబద్ద

గత వేసవిలో గుడి నుండి వస్తూండగా ఎడమకాలి చెప్పు జారిపోయిన సంగతి నాకు తెలియలేదు. వీధి మలుపులో మనుమరాలు "తాతయ్యా, ఇంకో చెప్పేదీ?" అని అడిగేదాకా ఒంటి చెప్పుతోనే నడిచాను. మధుమేహం నరాలను దెబ్బతీసిన ఫలితమది. వైద్యుడు నన్ను కళ్ళు మూసుకోమని, నైలాన్ పోగుతో అరికాలిని అక్కడక్కడ తాకుతూ "తగిలినప్పుడు చెప్పండి" అన్నాడు. ఆ పోగు పుట్టుపూర్వోత్తరాలు వెదకగా తెలిసిన విశేషాలివి.

1834లో జర్మనీకి చెందిన ఎర్నెస్ట్ వేబర్ వృత్తలేఖిని మొనలతో చర్మాన్ని తాకి, రెండు మొనలు రెండుగా తెలియాలంటే ఎంత ఎడం కావాలో కొలిచాడు. వేలికొనకు రెండు మిల్లీమీటర్ల ఎడం ఇంచుమించు చాలు. వీపుకు దానికి ఎన్నో రెట్లు కావాలి. ఆ శతాబ్దాంతంలో మాక్స్ ఫాన్ ఫ్రై పుల్లకు వెంట్రుకను అతికించి పరీక్షించాడు. వెంట్రుక వంగిన పిమ్మట ఎంత నొక్కినా ఒత్తిడి దాదాపు పెరగదు. పరీక్షించేవాని చేతి బరువు ఫలితాన్ని మార్చకుండా ఉండే ఉపాయమది.

అయినా జవాబు చెప్పవలసినవాడు రోగియే కదా! ఆ జవాబులతో తృప్తి చెందని లండన్ వైద్యుడు హెన్రీ హెడ్, 1903 ఏప్రిల్ 25న తన ఎడమ ముంజేతి స్పర్శనరాలను తానే కోయించుకొని, కుట్టించుకొన్నాడు. కేంబ్రిడ్జిలో మిత్రుడు రివర్స్ దూది, సూది, వేడి, చలువలతో తాకుతూంటే, కళ్ళు మూసుకొని ఏళ్ళ తరబడి జవాబులు చెప్పాడు. 1908లో వెలువడిన ఆయన సిద్ధాంతం తరువాతివారి పరిశీలనకు నిలవలేదు. ఆ సహనం మాత్రం నిలిచింది.

మెదడుకు గాయమైన సైనికుల స్పర్శను కొలవడానికి సెమ్స్, వైన్‌స్టైన్‌లు వెంట్రుకకు బదులు నైలాన్ పోగు వాడారు. వారి గ్రంథం 1960లో వెలువడింది. 1946లో వెల్లూరు చేరిన పాల్ బ్రాండ్, కుష్ఠురోగుల వేళ్ళు పోయేది రోగం మాంసాన్ని తినడంవల్ల కాదనీ, నొప్పి తెలియక గాయాలు ముదరడంవల్లననీ నిరూపించాడు. ఇప్పుడు పది గ్రాముల ఒత్తిడికి వంగే పోగుతో మధుమేహుల పాదాలనూ పరీక్షిస్తున్నారు.

ఆనాడు ఏమీ తగలకపోయినా "తెలిసింది" అనాలని నా నాలుక తహతహలాడింది. పాఠం అర్థం కాకున్నా "అర్థమైందండీ" అనే పిల్లలను ఎందరినో చూసినవాణ్ణి, నోరు మూసుకొన్నాను. తెలియలేదన్న ఆ మౌనమే పరీక్షకు ప్రాణం. ఇప్పుడు రోజూ పడుకోబోయే ముందు అద్దం పట్టి అరికాళ్ళు చూసుకొంటున్నాను. చర్మం మరచిన పనిని కళ్ళకు అప్పగించాను.