ఏపీ జీవశాస్త్ర పరీక్ష మూల్యాంకనం

ఏపీ జీవశాస్త్ర పరీక్ష అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఉన్నత పాఠశాల విద్యార్థులకు కాలేజ్ బోర్డు అనే సంస్థ ఏటా మే నెలలో నిర్వహించే కళాశాల స్థాయి పరీక్ష. ఇక్కడ ఏపీ అనగా అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. ఆంధ్ర ప్రదేశ్ కాదు. ఫలితాన్ని 1 నుండి 5 వరకు గల అంకెతో తెలుపుతారు.

పరీక్షలో 90 నిమిషాల చొప్పున రెండు భాగాలు, ఫలితంలో చెరిసగం. మొదటి భాగంలో 60 బహుళైచ్ఛిక ప్రశ్నలుంటాయి. తప్పుకు పావు మార్కు కోసే పాత పద్ధతిని 2011లో తొలగించారు. మన దేశంలోని నీట్‌లో తప్పుకు ఒక మార్కు పోతుంది కనుక తెలియనిది వదలడం వివేకమే. ఇక్కడ వదలడమే నష్టం.

రెండవ భాగంలో 2 పెద్ద, 4 చిన్న ప్రశ్నలకు జవాబులు వ్రాయాలి. చిన్న ప్రశ్నకు 4 మార్కులు. కళాశాల అధ్యాపకులు, ఏపీ ఉపాధ్యాయులు జూన్ నెలలో నిర్ణీత సూచిక ననుసరించి వీటిని దిద్దుతారు. సరైన ప్రతి అంశానికీ మార్కు వేస్తారు, నిడివికి కాదు. కారణం చూపమన్నచోట కేవలం వర్ణించి ఊరుకుంటే మార్కు రాదు. చదివిన పిల్లలు కూడా తరచు దెబ్బతినేది ఇక్కడే.

రెండు భాగాల మార్కులూ కలిపి 1–5 అంకెగా మారుస్తారు. 3 అనగా అర్హత. 60 శాతమని భావించరాదు. కొన్ని విశ్వవిద్యాలయాలు 3ని అంగీకరిస్తాయి, మరికొన్ని 4 లేదా 5 కోరతాయి.