గుంపు కట్టినవన్నీ చుట్టాలు కావు

1756లో ష్లోసర్ అనే డచ్చి వైద్యుడు ఇంగ్లండులోని ఫాల్మౌత్ రేవులో దొరికిన ఒక మెత్తటి ముద్దను లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వర్ణించాడు. ముద్ద నిండా రేకులున్న నక్షత్రాల ఆకారాలు. ఒక్కో రేకు రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. పదేళ్ల తర్వాత ప్రకృతి శాస్త్రవేత్త పల్లాస్ దాన్ని పగడాల బంధువుగా లెక్కేసి, ఆల్సియోనియం ష్లోసెరి అన్నాడు. నేటి బోట్రిల్లస్ ష్లోసెరి అదే.

ఆ లెక్క 1816లో తలకిందులైంది. నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్లొచ్చిన ప్రకృతి శాస్త్రవేత్త సవిన్యీ, రేకును భూతద్దం కింద కోసి చూశాడు. ప్రతి రేకుకూ సొంత నోరు, మొప్పల సంచి, పేగు ఉన్నాయి! బయటికి నీళ్లు వదిలే ద్వారం మాత్రం నడిమధ్యన అన్నిటికీ ఉమ్మడి. అంటే అది పగడం కాదు, సముద్రపు రాళ్ల మీద ఒంటరిగా అంటుకుని నీళ్లు చిమ్మే సీ స్క్విర్ట్‌లకు చుట్టం. అంత నిశితంగా చూసిన మనిషి తర్వాత చూపు పోగొట్టుకుని చీకటి గదిలో బతకాల్సి వచ్చింది.

ఇక్కడే ఇంకో చిక్కు మొదలైంది. ఒంటరివి ఒక గుంపు, కలిసి బతికేవి ఇంకో గుంపు అని విడదీయడం తేలిక గనుక చాలాకాలం అదే నడిచింది. 1886లో జంతుశాస్త్రవేత్త లాహీల్ బతుకుతీరును పక్కనపెట్టి మొప్పల సంచి నిర్మాణాన్ని ఆధారం చేసుకున్నాడు. సంచి గోడ మడతలు పడినవాటిని స్టోలిడోబ్రాంకియా అన్నాడు. నా దృష్టిలో ఈ వర్గీకరణ చరిత్రలో అన్నిటికన్నా తెలివైన అడుగు అదే. ఆ గణంలోదే 1895 నాటి స్టైలిడే కుటుంబం. ఆ కుటుంబంలోని స్టైలా సంచికి ఒక్కో వైపు నాలుగు మడతలుంటాయి. బోట్రిల్లస్‌కు మడతల్లేవు, అందుకే దాన్ని చాలామంది వేరే కుటుంబంగానే ఉంచారు. మడతలు మొదటి నుంచీ లేవా, ఒళ్లు చిన్నదయ్యాక పోయాయా అన్నది కంటితో తేలే ప్రశ్న కాదు.

దాన్ని డీఎన్ఏ తేల్చింది. బోట్రిల్లస్ స్టైలిడే నడుమనే ఇమిడిపోయింది, అంటే దాని మడతలు తర్వాత పోయినవే. అయితే గుంపు బతుకు ఈ వంశంలో ఎన్నిసార్లు పుట్టింది? ఒక్కసారే అని 2006లో జెంగ్, జేకబ్స్, స్వాల్లా రాశారు. 2018లో అలియే బృందం ఎక్కువ జన్యువుల్ని పోల్చి, ఉమ్మడి పూర్వీకుడు ఒంటరివాడేననీ, మొగ్గ తొడిగి గుంపుగా పెరిగే విద్య కనీసం రెండుసార్లు విడివిడిగా అబ్బిందనీ చూపింది. తొడిగే తీరులోనూ పోలిక లేదు. బోట్రిల్లస్‌లో పిల్ల తల్లి పక్కగోడ నుంచి ఉబ్బుతుంది. దాదాపు వారానికోసారి పాతతరం కరిగిపోతే ఆ మొగ్గలే కాలనీని అందుకుంటాయి. అదే కుటుంబంలోని పాలియాండ్రోకార్పా జోరిటెన్సిస్‌లోనైతే పిల్ల పుట్టేది రక్తనాళపు గోడ నుంచి.

పేర్ల తగువులూ తక్కువేం కాదు. 1953లో ప్లిమత్‌లో కనిపించిన కాడ ఉన్న స్టైలాను కొత్త జాతి అనుకుని 1954లో నామకరణం చేశారు. తీరా చూస్తే అది 1881లోనే హెర్డ్‌మన్ పేరు పెట్టిన స్టైలా క్లావా.  బోట్రిల్లస్ ష్లోసెరి కథ దీనికి ఎదురు దారిలో నడిచింది: ఒకే జాతి అనుకున్నది జన్యుపరంగా అనేక శాఖలని తేలింది. 2020లో వాటిలో ఒకటి వేరుపడి బోట్రిల్లస్ గాయే అయింది.