కరువు కూలితో లేచిన మెదక్ గుడి

ఒక మత సమాజం తాను నిలిచిన ఊరి రూపురేఖలను ఎంతగా మార్చగలదో చెప్పడానికి తెలంగాణలో మెదక్‌ను మించిన తార్కాణం దొరకడం కష్టం. కోట గుట్టే ఆనవాలుగా ఉండిన ఈ ఊరికి క్రైస్తవ ఆలయపు 175 అడుగుల గంటగోపురం మరో ఆనవాలైంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకున్న ఈ ఆలయం, 1947లో ప్రొటెస్టంటు సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడ్డాక మెదక్ అధ్యక్షఖండానికి కథీడ్రల్, అంటే బిషప్ పీఠం ఉండే గుడి, అయింది.

వెస్లియన్ మెథడిస్టు మిషనరీగా 19వ శతాబ్దం చివరి ఏళ్లలో మెదక్ చేరిన చార్లెస్ వాకర్ పాస్నెట్‌ను తలచుకోకుండా ఈ చరిత్ర మొదలుకాదు. 1914లో గుడి పని ఆరంభమైంది. మొదటి ప్రపంచ యుద్ధానికి కరువు తోడై గింజ కరువైన పల్లెల నుంచి జనం పిల్లాపాపలతో తరలివచ్చినప్పుడు, ఆ మహనీయుడు వారికి ఉత్త చేతులతో దానం పుచ్చుకునే అగత్యం రానీయక, రాయి మోసి, సున్నం కలిపి సంపాదించుకునే కూలిని చూపించారు. అందువల్ల పదేళ్లపాటు సాగిన ఈ నిర్మాణం ఆరాధన స్థలంగా రూపుదిద్దుకుంటూనే ఎన్నో కుటుంబాలకు కూడు పెట్టింది.

నమూనా గోతిక్ రీతిది. అంటే కోసుగా పైకి లేచే తోరణాలు కప్పు బరువును స్తంభాల మీదికి దించే మధ్యయుగపు ఐరోపా పద్ధతి. ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన మూడు రంగు అద్దాల కిటికీలు ఒకేసారి రాలేదు: బలిపీఠం వెనుక క్రీస్తు ఆరోహణ దృశ్యం 1927లో, ఆయన జననం 1947లో, సిలువ 1958లో అమరాయి. వెలుగు బయటి నుంచి రావలసిందే కనుక వాటి సొగసు పగటి ఎండలోనే తెలుస్తుంది. ఆ తరువాతి దశాబ్దాలు ఆరాధనలతో, పండుగలతో గడిచాయి.

దాతలకు, గురువులకు, సువార్తికులకు, బైబిలు స్త్రీలకు, గాయక బృందాలకు, గంట మోగించినవారికి, ఆవరణ ఊడ్చినవారికి సంఘం రుణపడి ఉంది. అయితే ఈ రాళ్లెత్తిన కూలీల పేర్లు ఏ పలక మీదా కనిపించకపోవడం సంఘానికి తీరని లోటు. వారిలో పలువురి సంతతి ఆరాధించిన మాల, మాదిగ వాడల చిన్న ప్రార్థన మందిరాలదీ ఇదే గతి. పగలు బడిగా, సాయంత్రం గుడిగా పనికొచ్చి వాడకు మొదటిసారి ఉమ్మడి కట్టడమై నిలిచిన ఆ మట్టిగోడల చరిత్రను, చెప్పగల వృద్ధులు ఉన్నప్పుడే, ఊరూరా తిరిగి రాయించి ఉండవలసింది.